తోమని గరిటె

ఉల్లిపొట్టు పారేస్తే అమ్మకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఇరుగుపొరుగువాళ్లు కూడా సంచుల్లో పోగేసి తెచ్చిచ్చేవారు. ఆ పొట్టు ఉడకబెట్టి ఊలు దారానికి రంగు వేసేది. ఇల్లంతా ఉల్లి కంపు. బళ్లో పిల్లలు తన దగ్గర ముక్కు మూసుకుంటున్నారని పెద్దకూతురు పోట్లాడి, కిటికీలన్నీ బార్లా తెరిచేది.

ఇప్పుడేమో ఆ పెద్దదే ల్యాబులో ఉల్లిపొట్టు నుంచి క్వెర్సెటిన్ అనే పసుపు పదార్థం తీసి, కణాలకు పట్టించి చూస్తోంది. కణాల్లో అదుపు తప్పి తిరిగే ఇనుమును అది పట్టి కట్టేస్తుందని, కొత్తగా చేరినవాళ్లకు చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది.

అమ్మ పోయింది. చిన్నదాని కడుపులో బిడ్డ కోసం అల్లుతున్న దుప్పటి సగంలో ఆగిపోయింది. మిగిలింది ఒక ఉండ తెల్ల ఊలు, ఒక డబ్బా పొట్టు. రంగు కలిస్తేనే అది అమ్మ దుప్పటి.

పెద్దది కొత్త స్టీలు గిన్నె కొని, కడిగిందే కడిగి, పొట్టు ఉడకబెట్టి, రంగు పట్టేందుకు పటిక వేసి, దారం ముంచి గాజు కడ్డీతో కలిపింది. తీసి చూస్తే దారం నిగనిగలాడే పసుపు. దుప్పటిదేమో పసుపూ కాదు, ఆకుపచ్చా కాదు, ఆ మధ్యది. రెండూ పక్కపక్కన పెట్టుకుని కూలబడి ఏడ్చింది.

"పొట్టు అదే, పటికా అదే. ఎక్కడ చెడగొట్టానే?"

నిండు నెలల చిన్నది ఆయాసపడుతూ పక్కన కూర్చుంది. "నాకేం తెలుసక్కా? నువ్వు గిన్నెను అద్దంలా తోమావు. అమ్మ ఆ ఇనుప గరిటెను ఎప్పుడన్నా తోమిన పాపాన పోయిందా? తుప్పు రాలుతున్నా దాంతోనే కలిపేది."

పెద్దది ఏడుపు ఆపి చూసింది. ల్యాబులో రోజూ వల్లించే ఇనుము వంటింట్లో గుర్తుకు రాలేదు.

"ఆ గరిటె ఏదే?"

"పాత సామాను సంచిలో నువ్వే పడేశావుగా, అసహ్యంగా ఉందని."

గరిటె తెచ్చి వేడి రంగునీళ్లలో వేసి, దారం మళ్లీ ముంచింది. కాసేపటికి పసుపు మెల్లమెల్లగా మసకబారింది. ఇద్దరూ చూస్తుండగానే అమ్మ రంగు వచ్చేసింది.

"అబ్బ, ఏం కంపక్కా!" చిన్నది నవ్వుతూ కిటికీ తియ్యబోయింది.

"తియ్యకే," అంది పెద్దది. "కాసేపు ఉండనీ."