ఇటుక మీద ఫోన్

భవనాల ప్లాన్లు గీసే ఆ చిన్న ఆఫీసుకి యజమాని ఒక ఇంజనీరు. ఎదురుగా ఉంటే అందరూ 'సార్' అనేవాళ్ళు, వీపు తిరగ్గానే 'టవరుగారు' అనేవాళ్ళు. "చేతిలో ఇంత ఫోనుండగా గోడకి తీగెందుకయ్యా?" అని ఆయన ఆఫీసుకి ఇంటర్నెట్ లైనే పెట్టించలేదు. పొద్దున్నే తన ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, కిటికీ గట్టు మీద ఒక ఇటుక పెట్టి, దాని మీద ఫోన్‌ని కూర్చోబెట్టేవాడు. సిగ్నల్ అక్కడే బాగా వస్తుందట. ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఆ ఇటుక వైపు చూస్తూ బతికేవి.

అది అక్కడే ఉంటే ఎవరికీ బాధ లేదు. కానీ కూర్చుని ఫోన్ మాట్లాడటం టవరుగారికి చేతకాదు. మోగిందంటే చాలు, లేచి, ఛాతీ విరుచుకుని, వరండా దాటి, మెట్లు దిగి, వీధి చివరిదాకా నడుస్తూ కోతలు కోసేవాడు. ఆయన వెనకే నెట్టూ మెట్లు దిగిపోయేది. పైన జనం చేతులు ముడుచుకుని కూర్చునేవాళ్ళు. ఫోన్లు వాళ్ళకీ ఉన్నాయి, వాటిలో నెట్టూ ఉంది. "ఆయన పనికి మన నెట్టెందుకు తగలెయ్యాలి?" అనేవాడు గుమస్తా, గోళ్ళు కొరుక్కుంటూ.

ఆ మాట గీతలమ్మకీ నచ్చింది. ప్లాన్లన్నీ గీసేది ఆవిడే కనక ఆ పేరు పెట్టారు. టవరుగారి మీద ఆవిడకున్నది కోపం కాదు, ఏవగింపు. కోప్పడాలన్నా ఎదుటి మనిషిలో కాస్త సరుకుండాలి కదా అని ఆవిడ లెక్క.

కానీ ఆరోజు వ్యవహారం వేరు. పిల్లల ఆసుపత్రి ఒకటి కట్టబోతున్నారు. ఎవరి ప్లాన్ తీసుకోవాలో తేల్చేవాళ్ళు వీడియో కాల్‌లో మాట్లాడతామన్నారు. ఆ ప్లాన్‌లో ఒక్క గీత కూడా టవరుగారిది కాదు. గీతలమ్మ అందులో ప్రాణం పెట్టింది కిటికీల మీద. మంచం మీద పడుకున్న పిల్లకి వీధి కనపడేంత కిందికి దించి గీసింది. చిన్నప్పుడు తను కాలు విరిగి ఆసుపత్రిలో పడి ఉన్నన్నాళ్ళూ పైకప్పు తప్ప ఏమీ చూడలేదు. ఆ పైకప్పు మీద పసి వయసు నాటి కసి ఆవిడకి ఇంకా తీరలేదు. ఈ కిటికీలు కట్టించుకోవాలి, అంతే.

"నువ్వు కనపడకుండా పక్కన కూర్చోమ్మా, బొమ్మలు మారుస్తూ ఉండు," అన్నాడు టవరుగారు. తల దువ్వుకుని, ల్యాప్‌టాప్ ముందు పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

తెర మీద నలుగురున్నారు. వాళ్ళలో పెద్దావిడ, పిల్లల డాక్టరమ్మ, సూటిగా అడిగింది. "కిటికీలు ఇంత కిందికి ఎందుకండీ?"

"అదీ... లేటెస్ట్ మోడలండీ. ఈమధ్య అందరూ ఇలాగే పెట్టించుకుంటున్నారు."

"పిల్లలు ఎక్కి దూకితే?"

"అయ్యో, అలాగైతే పైకి లేపేద్దామండీ! మీరెంత ఎత్తంటే అంత. నాకేం పట్టింపు లేదు."

గీతలమ్మకి ఒళ్ళు మండిపోయింది. "సార్, ఆ గట్టు..."

"నువ్వాగు. పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం."

సరిగ్గా అప్పుడే ఇటుక మీద ఫోన్ మోగింది. ఆయన బావమరిది. ఆసుపత్రి పోతేపోయింది, బావమరిదిని మాత్రం ఆపగలమా? "ఒక్క నిమిషమండీ," అని తెరకి చెప్పి, ఫోన్ అందుకుని, ఛాతీ విరుచుకుని వెళ్ళిపోయాడు. వరండా, మెట్లు, వీధి. తెర మీద డాక్టరమ్మ నోరు సగం తెరిచి అలాగే బిగుసుకుపోయింది.

గీతలమ్మ సంచిలోంచి తన ఫోన్ తీసి హాట్‌స్పాట్ ఆన్ చేసింది.

"అదేంటమ్మా, మన నెట్టు!" అన్నాడు గుమస్తా, ఇల్లు దోచుకుపోతున్నట్టు.

"ఆయన కోసం కాదులే. కిటికీల కోసం."

ల్యాప్‌టాప్‌ని దానికి కలిపి, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, టవరుగారి కుర్చీలో కూర్చుంది. తెర మీద మొహాలు కదిలాయి.

"మీరెవరమ్మా?"

"ఈ ప్లాన్ గీసిందాన్నండీ." కిటికీ బొమ్మని తెర మీదికి తెచ్చింది. "కింది అద్దం తెరుచుకోదు, మందంగా ఉంటుంది. పైదొక్కటే తెరుచుకుంటుంది. గట్టు ఏటవాలుగా పెట్టాను, కాలు నిలవదు, ఎక్కలేరు. పడుకున్న పిల్లకి మాత్రం వీధి కనిపిస్తుంది. అందుకే కిందికి దించాను."

డాక్టరమ్మ తెరకి దగ్గరగా వంగింది. "మా వార్డులో పిల్లలు రోజూ అడిగేది అదే, బయట ఏముందని. మీ నంబరివ్వండి," అంది.

నంబరు చెప్పి లేచేసరికి టవరుగారు ఫోన్ ఊపుకుంటూ వచ్చాడు. తెర ఇంకా వెలుగుతూ ఉండటం చూసి, వాళ్ళకో నమస్కారం పడేసి, కాల్ అయిపోయాక అందరివైపూ తిరిగాడు.

"చూశారా! వీధి చివరికి వెళ్ళినా ఇక్కడ నెట్టు కట్ కాలేదు. ఫోనంటే ఇదీ!"

గుమస్తా దగ్గు వచ్చినట్టు నటించాడు. గీతలమ్మకి మాత్రం ఈ మనిషికి నిజం చెప్పడం కూడా దండగ అనిపించింది. అంత దూరం వెళ్ళాక, దానికి ఏ కంప్యూటరూ అందక హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయిన సంగతి ఆయనకి తెలియదు. ఫోన్‌ని మళ్ళీ ఇటుకెక్కించి, ముద్దుగా ఓసారి తుడిచాడు. ఇక మధ్యాహ్నమంతా ఆఫీసు నడిచింది గీతలమ్మ నెట్టు మీదే. గుమస్తా కూడా సిగ్గులేకుండా తన కంప్యూటర్ని దానికే కలిపేసుకున్నాడు.

సాయంత్రం టవరుగారు ల్యాప్‌టాప్‌లో బావమరిదికి మొహం చూపిస్తూ సొంత డబ్బా వాయిస్తున్నాడు. "కిటికీలు కిందికి దించాలన్న ఆలోచన నాదే బావా! అది విని వాళ్ళు నోరెళ్ళబెట్టేశారనుకో..."

గీతలమ్మ ఫోన్ మోగింది. డాక్టరమ్మ.

"మీ ప్లానే తీసుకున్నాం. కిటికీలు మీరు గీసినచోటే ఉంటాయి. కట్టేటప్పుడు దగ్గరుండి చూడటానికి మీరే రావాలమ్మా, ఆయన వద్దు."

గీతలమ్మకి కళ్ళు చెమర్చాయి. లేచి, ఫోన్ చెవికి ఆనించుకుని, వరండాలోకి నడిచి, మెట్లు దిగసాగింది.

వెనకనుంచి టవరుగారి కేక వినపడింది. "నెట్టు పోయిందేమిటి! ఫోను ఇక్కడే ఉందిగా!"

"చెప్పండి డాక్టరమ్మా," అంటూ ఆవిడ వీధి చివరిదాకా నడిచింది.