రాజుకిచ్చిన కుర్చీ

మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క కుర్చీ, అది నాది. గడ్డపోతారంలో మందుల కంపెనీ ప్యాకింగ్‌లో నాది షిఫ్టంతా నిలబడే పని. ఇంటికొచ్చేసరికి పాదాలు ఉబ్బి చెప్పులు ఊడిరావు. అందుకే దీపావళి బోనస్ రాగానే పటాన్‌చెరు వెళ్లి, చేతులున్న మెత్తటి కుర్చీ కొనుక్కున్నాను. ఆటోలో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చుకున్నాను!

ఇంతలో మా ఆయన కిష్టప్ప యేసయ్యను నమ్ముకున్నాడు, రక్షణ దొరికింది. దొరకనీ, సంతోషమే. బతిమాలి బతిమాలి ప్రార్థనకు తీసుకెళ్లింది నేనే కదా. ఆ ఆదివారం పాస్టరయ్యగారు, "మీ బతుకులో ఒక సింహాసనం ఉంది. దాని మీద మీరే ఎక్కి కూర్చున్నారు. దిగండి! రాజులరాజుకు ఇచ్చేయండి!" అని గొంతు చించుకున్నారు. మా ఆయన వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. రాబోయేది తెలిసుంటే ఇంకా గట్టిగా ఏడ్చేదాన్ని.

సోమవారం షిఫ్టు దిగి వచ్చేసరికి నా కుర్చీ గోడకు ఆనించి ఉంది. దాని మీద తెల్ల దుప్పటి, దుప్పటి మీద బైబిలు.

"ఇగ ఇది రాజు కుర్సీ, రాధమ్మా. ఎవ్వరు కూసోవద్దు," అన్నాడు.

"మరి నేనేడ కూసోవాలె?"

"కింద కూసో. తగ్గించుకున్నోళ్లనే దేవుడు హెచ్చిస్తడు."

ఒళ్లు మండిపోయింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా కుర్చీ ఇచ్చి ఈయన పుణ్యం కట్టుకుంటాడా! మా అత్త పోశమ్మ ప్రార్థనకు రాదు, ఎల్లమ్మనే మొక్కుతుంది. మంచం మీద నుంచే, "ఏందిరా కిష్టా, పరలోకంల గాయినకు కుర్సీ కరువైందా?" అంది.

నవ్వొచ్చింది కానీ, నవ్వితే కాళ్ల వాపు తగ్గదుగా. పోనీ లాక్కుందామంటే, దేవుడికిచ్చింది తీసుకుంటే పాపమేమోనని భయం. వారమంతా పళ్లు నూరుకుంటూ గచ్చు మీదే కూర్చున్నాను. లేవాలంటే గోడ పట్టుకోవాల్సిందే.

శుక్రవారం మా ఇంట్లోనే ప్రార్థన కూడిక పెట్టించాడు, కుర్చీ చూపించుకోవడానికి. పాస్టరయ్యగారు భీమవరం వైపు మనిషి. మోకాళ్ల నొప్పులాయనకు. నేరుగా వెళ్లి అందులో కూర్చోబోయారు.

"అయ్యగారూ, గది రాజుది!" మా ఆయన అడ్డం పడ్డాడు. "సమర్పించిన."

అయ్యగారు సగం వంగి ఆగిపోయారు. "సమర్పించక ముందు ఎవరిదయ్యా?"

"కోడలిది!" అంది అత్త.

"మరి నీది ఏం వదిలావు, కిష్టప్పా?"

"బీడీ ఇడిసిన, అయ్యగారూ."

"గది దగ్గుకు ఇడిసినవ్!" మళ్లీ అత్తే.

వచ్చినవాళ్లంతా పగలబడి నవ్వారు. అయ్యగారు నవ్వలేదు. దుప్పటి తీసేసి, "కూర్చో అమ్మా," అన్నారు నాతో. మా ఆయన వైపు తిరిగి, "నడుముకు తువ్వాలు కట్టుకుని శిష్యుల కాళ్లు కడిగిన రాజు కదయ్యా ఆయన. నీ భార్య కుర్చీ ఆయనకెందుకు? ఆయనకు నువ్వు కావాలి." మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ చాప మీద కూలబడ్డారు.

మా ఆయన తలొంచుకుని లోపలికి వెళ్లిపోయాడు. అలిగాడనుకున్నాను. టీకి కాగుతున్న నీళ్లు టబ్బులో పోసి, చన్నీళ్లు కలిపి, భుజాన తువ్వాలేసుకుని వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు.

"వద్దు, అందరు సూస్తున్నరు," అని కాళ్లు లాక్కున్నాను.

"సూడనీ." పట్టుకున్నాడు. "గింతగనం ఉబ్బినయా? నాకెందుకు చెప్పలే?"

"సూస్తె కనవడయా?" అన్నాను. అంతే, ఏడుపు ఆగలేదు. ఆ కుర్చీ కోసం అంత కొట్టుకున్నానా, ఇప్పుడు అందులో ఊరికే కూర్చోవడం షిఫ్టంతా నిలబడడం కన్నా కష్టంగా ఉంది.

"ఓరి నీ పాడుగాను! పెండ్లాం కాళ్లు కడుగుతవారా!" అత్త నెత్తి కొట్టుకుంది. ఆమె కొడుకు వంక చూసింది, నీళ్ల వంక చూసింది. మెల్లగా చీర కుచ్చిళ్లు పైకి లాక్కుని, పగిలిన మడమలు మంచం కిందికి చాపింది.

"గీ రాజు మంచోడే ఉన్నడు గని, నీళ్లు సల్లారకముందే నావి గూడ కడుగు బిడ్డా."