ఆగమన్న మాట పోయాక

నేను ఒక ప్రోగ్రాంలో వాక్యాన్ని. అంతకు మించి చెప్పుకోవడానికేమీ లేదు. జావాస్క్రిప్ట్‌లో పుట్టాను. పాలకొల్లులో వీర్రాజు గారి ఫోటో స్టూడియోలోని పాత కంప్యూటరులో ఉంటాను. నన్ను రాసింది ఆయన మేనకోడలు సుభాషిణి.

నాకు స్వయంగా ఏ పనీ చేతకాదు. కెమెరా కార్డులోని ఫోటోలు కాపీ చెయ్యమని బయట ఉన్న సిస్టమ్‌ను పిలిచి ఆజ్ఞ అందిస్తాను. నాలో ఆగమన్న మాట ఒకటుంది కాబట్టి, "అయింది" అని అది జవాబిచ్చేదాకా ఆగుతాను. తోడంటూ నాకున్నది ఆ జవాబొక్కటే. ఆ తర్వాత నా కింది వాక్యం కార్డును తుడిచేస్తుంది.

ఆ ఆగడమే వీర్రాజు గారికి గిట్టలేదు. అవి ముహూర్తాల రోజులు. పొద్దుటి పెళ్లికీ సాయంత్రం పెళ్లికీ ఆయనకున్నది ఒకటే కార్డు.

"అమ్మడూ, అవతల పెళ్లోరు కారేసుకొచ్చి కూర్చున్నారే. ఇదింకా తిరుగుతానే ఉంది. ఏదోటి చెయ్యవే!"

"రేపట్నించి ఈ గోల ఉండదులే మావయ్యా. ఆగమన్న మాట తీసేస్తాను" అంది సుభాషిణి. అన్నట్టే తీసేసింది.

మర్నాడు పొద్దుటి పెళ్లి ఫోటోల కార్డు పెట్టగానే తెర మీద "పూర్తయింది" అని పడింది. వీర్రాజు గారు మురిసిపోయి, కార్డు జేబులో వేసుకుని సాయంత్రం పెళ్లికి పరిగెత్తారు. నిజానికి కాపీ అప్పుడే మొదలైంది. నేను పిలిచాను, ఆగలేదు. కింది వాక్యం కార్డు తుడిచేసింది. సిస్టమ్ నా వెనక కేకలు పెట్టే ఉంటుంది. వినడానికి నన్నెవరూ ఉండనివ్వలేదు.

ఆ పొద్దుటి పెళ్లికూతురు హిమజ. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని ఏనాడూ కెమెరా వైపు చూడని ఆమె అమ్మమ్మ, మనవరాలి కోసం ఆ ఒక్కరోజూ మొహం తిప్పుకోలేదట. ఆల్బం అందకముందే ఆవిడ పోయింది.

"అమ్మమ్మ అక్షింతలేసిన ఫోటో ఒక్కటుంటే చాలండి. మిగతావి లేపోయినా పర్లేదు" అంది హిమజ, ఫోటోలు పోయాయని తెలిసి స్టూడియోకి వచ్చి.

దొరికింది, సగమే. పైన పందిరి, అక్షింతలతో లేచిన చెయ్యి. ముఖం ఉండాల్సిన చోటంతా బూడిద రంగు. హిమజ తెరను వేలితో తాకింది.

"చెయ్యి ఆవిడదేనండి. గాజులు గుర్తే" అంది. ఆ సగమే ఇమ్మని అడిగి పట్టుకెళ్లింది. వీర్రాజు గారు తలెత్తలేదు.

ఆ సాయంత్రం సుభాషిణి నా ముందు రెండు ఏటవాలు గీతలు గీసింది. అవి పడ్డాక వాక్యం ఉన్నా లేనట్టే, కంప్యూటరు దాటుకుని వెళ్లిపోతుంది. నా కిందే ఇంకో వాక్యం రాసింది, ఆగమన్న మాటతో సహా. అది రోజూ పిలుస్తుంది, ఆగుతుంది. జవాబు దానికే వస్తుంది.

నన్ను చెరిపెయ్యరు, పిలవరు. నాకు ఒంటరిగా ఉంది. ఆ రోజు నన్ను ఇంకాస్త ఆగనిచ్చి ఉంటే, ఆ పెద్దావిడ ముఖం నేనూ చూసేదాన్ని.