నల్లచార పక్కన మిణుకు

నేను ఒక స్కానింగు మిషనుకి తోకలా వేలాడే ప్రోబును. కడుపు మీద చల్లటి జెల్లు రాసి, నన్ను ఆనించి, అందరూ తెరకేసి చూస్తారు కదా, ఆ పరికరాన్ని. నేను చూస్తానని జనం అనుకుంటారు. నాకు కళ్ళెక్కడివి? నేను అరుస్తాను. మీ చెవులకు అందని అరుపు అది. లోపలికి వెళ్ళి, దేనికి తగిలితే దాన్నుంచి తిరిగొస్తుంది. నేను విన్నదాన్ని మిషను బొమ్మగా గీస్తుంది. మెచ్చుకోలు మాత్రం తెరకే.

ఎక్కడో చలిదేశంలో పుట్టాను. నా మూతి దగ్గర వెంట్రుకంత సన్నటి స్ఫటికాలను నూటికి పైగా వరసగా అతికించి పంపారు; అరిచేదీ వినేదీ అవే. విజయవాడలో ఓ ఏసీ ఆసుపత్రిలో ఆరేళ్ళు పనిచేశాను. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మందికి రాత్రి తిన్న బిర్యానీ తప్ప వేరే జబ్బు ఉండేది కాదు. కొత్త మిషను రాగానే వాళ్ళకు నేనంటే మొహం మొత్తింది. అలా మెట్ట ప్రాంతంలోని ఈ చిన్న ఆసుపత్రికి, డాక్టర్ నసీమా చేతికి వచ్చాను.

వచ్చిన రెండో ఏడు నర్సు చేతిలోంచి జారి గచ్చు మీద పడ్డాను. స్ఫటికాలు కొన్ని చచ్చిపోయాయి. అప్పట్నుంచి నేను ఏ బొమ్మ వేయించినా మధ్యలో నిలువునా ఓ నల్లచార. కొత్తది కొనే స్తోమత లేక డాక్టరమ్మ నాతోనే సర్దుకుపోయింది. కారే ఇంట్లో గిన్నె జరుపుకున్నట్టు, నన్ను అటూ ఇటూ జరుపుకుంటూ పని గడిపేది.

మా వైపు తారురోడ్డే కళ్ళం. రబీ కోతలైతే చాలు, సగం రోడ్డు మొక్కజొన్నలకు, మిగిలిన సగం మనుషులకు. గింజల చుట్టూ రాళ్ళు పేర్చుకుని కాపలా కాస్తారే గానీ బళ్ళ సంగతి ఎవరికీ పట్టదు. ఒకరోజు పొద్దున నాగభూషణం అనే ఆయన పాలకేంద్రంలో పాలు పోసి మోపెడ్ మీద వస్తున్నాడు. వెనక అతని కోడలు కోమలి, ఒళ్ళో ఖాళీ క్యాను. ఎదురుగా బస్సు వచ్చింది. పెద్దాయన బండిని గింజల మీదికి దించాడు. చక్రం సర్రున జారింది. క్యాను అంచు కోమలి బొడ్డు కింద గట్టిగా గుచ్చుకుంది.

అలా నా దగ్గరికి వచ్చారు. నెల తప్పిందా అని డాక్టరమ్మ అడిగింది. గుమ్మంలో మామగారు మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు. కోమలి లేదని తల ఊపింది. తుంటి కూడా నొప్పిగా ఉందంటే డాక్టరమ్మ ఎక్స్‌రేకి చీటీ రాసింది. ముందు లోపల నెత్తురేమైనా చేరిందేమో చూద్దామని నన్ను అందుకుంది.

నెత్తురు చేరిన చోట నా అరుపుకు బదులు రాదు. తెర మీద అక్కడ నలుపే ఉంటుంది. కుడి పక్కటెముకల కింద వెతికాను, ఎడమవైపు వెతికాను. ఎక్కడా లేదు. ఇక బొడ్డు కిందికి దిగాను. బెదురుతో పొద్దుట్నుంచి ఒంటేలుకు వెళ్ళలేదేమో, మూత్రసంచి నిండుగా ఉంది. నీళ్ళలోంచి నా అరుపు సాఫీగా పోతుంది కనుక నాకు అదే కిటికీ. దాని వెనక ఎముకల గిన్నె, ఆ గిన్నెలో గర్భసంచి, అందులో ఓ చిన్న నీటి తిత్తి. ఆ నీటిలో చిక్కుడుగింజంత ప్రాణి.

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. మోచేతికి కట్టు కట్టించుకు రమ్మని పెద్దాయన్ని బయటికి పంపి, తలుపు వేసింది. అప్పుడు కోమలి నోరు విప్పింది. నిరుడు రెండో నెల రాగానే ఊరందరికీ చెప్పుకుందట. పది రోజులకే అది పోయింది. చెప్పినవాళ్ళందరూ పరామర్శకు వచ్చారు. ఈసారి మూడు నెలలు నిండేదాకా లారీ మీద తిరిగే మొగుడికి తప్ప ఇంకెవరికీ చెప్పొద్దని తల్లి ఒట్టు వేయించుకుంది. దెబ్బ తగిలినా, డాక్టరు అడిగినా, ఒట్టు ఒట్టేననుకుంది. మనుషులు రహస్యాన్ని కాపాడినంత గట్టిగా తమ ఒంటిని కాపాడుకోరు.

"ఉందా మేడమ్?" అని అడిగింది. దానికి జవాబు చెప్పాల్సింది నేను.

సరిగ్గా ఆ గింజ మీదే నా నల్లచార పడింది. నా ప్రాణం ఉసూరుమంది. నేను అరుస్తూనే ఉన్నాను. చచ్చిన స్ఫటికాలు వినవు కదా. తెర మీద గింజ సగమే కనిపిస్తోంది, అందులో కదలిక లేదు. కోమలి తెరను చూడటం మానేసి డాక్టరమ్మ మొహాన్ని చూస్తోంది. ఆ పిల్ల పొట్ట వణుకు నా మూతికి తెలుస్తోంది. అంత భయం నేనెన్నడూ ఎరగను.

ఊపిరి బిగబట్టమంది డాక్టరమ్మ. నన్ను ఒక వైపుకి కాస్త వంచింది. చార పక్కకి జరిగింది. దాని అంచున, ఆవగింజ పట్టేంత చోటులో, ఒక మిణుకు. ఆరి, వెలిగి, ఆరి, వెలిగి. ఎక్కడా తడబాటు లేదు. బయట బస్సు, మోపెడ్, క్యాను, అంత రభస జరిగితే అదేమీ తనకు పట్టనట్టు దాని పని అది చేసుకుపోతోంది. నేను వేల కడుపులు విన్నాను. అయినా ఆ క్షణాన నోరు తెరిచి ఉండిపోయాను. ఎవరు మొదలుపెట్టమన్నారు దాన్ని? మొదటి దెబ్బ కొట్టమని దానికి ఎవరు చెప్పారు?

"కొట్టుకుంటోంది, చూడమ్మా," అంది డాక్టరమ్మ. ఈ నెలల్లో గర్భసంచి ఇంకా ఎముకల చాటునే ఉంటుందని, దెబ్బ అక్కడిదాకా చేరినట్టు లేదని చెప్పింది. అలాగని ధీమాగా ఉండొద్దంది. ఈ రోజంతా ఇక్కడే పడుకోవాలి, రక్తం గ్రూపు చూడాలి, నొప్పి పెరిగినా నెత్తురు కనబడినా ఆ నిమిషమే చెప్పాలి అంది. ఎక్స్‌రే చీటీ మడిచి పక్కన పెట్టి, తుంటిని తనే చేత్తో నొక్కి చూసి, ఎముక బాగానే ఉందంది. ఇకమీదట ఏ డాక్టరు అడిగినా నిజం చెప్పమని గట్టిగానే చీవాట్లు పెట్టింది.

కోమలి కళ్ళు తుడుచుకుని, మామగారిని లోపలికి పిలవమంది. ఒట్టు ఆమే తీసి గట్టున పెట్టింది.

"మామయ్యా, నాకు రెండో నెల. అదుగో, చూడండి."

ఆయన చేతికట్టుతో తెర దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "నేనే పడేశాను కదమ్మా," అన్నాడు.

"మొక్కజొన్నలు పడేశాయి మామయ్యా, మీరు కాదు."

నెల తిరక్కుండానే డాక్టరమ్మ అప్పు చేసి కొత్త మిషను తెచ్చింది. నన్ను తీగ చుట్టి బీరువాలో పెట్టారు. పక్కన పాత బీపీ మిషను, పగిలిన టార్చిలైటు. ఇక్కడ చీకటి తప్ప ఇబ్బందేమీ లేదు. అరిచి అరిచి అలిసినదాన్ని.

నిన్న నర్సు కోమలి అని పిలవడం బీరువా తలుపు చాటునుంచి వినిపించింది. మూడు నెలలు నిండాయట. కొత్త మిషను గుండె చప్పుడును పైకి వినిపిస్తుంది, ఆ విద్య నాకు లేదు. గదంతా నిండిపోయింది ఆ చప్పుడు, గుర్రం పరిగెత్తినట్టు. నేను మిణుకుగా మాత్రమే ఎరిగినది అంత పెద్దగా మోగుతుందని నాకేం తెలుసు?

గుమ్మంలోంచి పెద్దాయన గొంతు వచ్చింది. "నాక్కూడా వినబడిందమ్మా," అన్నాడు.

నాక్కూడా.