కొట్టేసిన గళ్లు

నేను ఒక కత్తెరను. నా మీద ఇంతవరకూ ఎవరూ ఏ నేరమూ మోపలేదు. అయినా కడుపులో ఉన్నది కక్కేయాలనిపిస్తోంది. కత్తెరకు కడుపెక్కడిదని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి.

పాత లారీ కమాన్ పట్టీని కాల్చి, సాగగొట్టి నన్ను చేశారు. ఇత్తడి పిడి బిగించి సంతలో పెడితే, పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం నేసే భిక్షమయ్య కొనుక్కుపోయాడు. నేత ఇల్లు కదా, పట్టుబట్ట మీద నడుస్తానని మురిసిపోయాను. ఆయన నా చేత ఇరవై రెండేళ్లు పాత సైకిల్ ట్యూబులు కోయించాడు.

ఎందుకో చెబుతాను. పోచంపల్లి చీరల్లో పువ్వును బట్ట మీద వేయరు, నేయకముందే నూలు మీద వేస్తారు. రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీ బిగించి కట్టి, నూలును రంగులో ముంచుతారు. దాన్నే చిటికి కట్టడం అంటారు. ఎక్కడెక్కడ కట్టాలో గ్రాఫ్ కాగితం మీద గళ్లు గళ్లుగా నింపి ఉంటుంది. ఒక గడికి చిటికి కట్టగానే భిక్షమయ్య ఆ గడిని పెన్సిలుతో అడ్డంగా కొట్టేసేవాడు. మొదటి రంగు ఆరాక కొన్ని కట్లు విప్పి, ఇంకొన్ని కట్టి, రెండో రంగుకు వెళ్లాలి. అప్పుడు ఆ కొట్టేసిన కాగితమే ఆయనకు దిక్కు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని తోచి ఉండదు. నాకు మాత్రం చూసి చూసి తెలిసిపోయింది.

ఆయన తమ్ముడి కూతురు పుష్పలీల. తండ్రి మగ్గం వదిలి బస్సు డ్రైవరుగా పోవడంతో ఆమెకు నేత పని తెలియదు. హైస్కూల్లో గుమస్తా ఉద్యోగం. ముప్పై ఎనిమిదో ఏట, ఉన్నట్టుండి ఆదివారం ఆదివారం హైదరాబాద్ వెళ్లి బొమ్మలు నేర్చుకుంటానంది. ఇంట్లో వాళ్లు వింతగా చూశారు. భిక్షమయ్య మాత్రం నన్ను తుడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"తీస్కో బిడ్డా. నాకు ఇంకోటున్నది. గిది మంచిగ తెగుతది."

అలా నేను మిక్స్‌డ్ మీడియాలోకి వచ్చి పడ్డాను. అంటే రంగులతో పాటు కాగితం, గుడ్డ, దారం, ఏది చేతికందితే అది అతికించి వేసే బొమ్మ. పుష్పలీల మొదటి బొమ్మలో గుండీలు, తళుకులు, గాజు ముక్కలు, పెళ్లిపత్రిక మీది గణపతి, అన్నీ ఉన్నాయి. టీచర్ ఫర్హీన్ మేడం ఒక గుండీని గోటితో తట్టింది.

"ఇది బొమ్మనా, ఫ్యాన్సీ షాపా? గుండీ ఎందుకు పెట్టినవ్ చెప్పు."

"అందంగ ఉంటదని మేడం."

"అందం కోసమైతే తీసెయ్. అది లేకపోతే బొమ్మ నిలబడదు అనిపిస్తే ఉంచు."

ఆ రాత్రంతా ఏడ్చిందనుకుంటారేమో, లేదు. మొండిది. మర్నాటి నుంచి బడికి వెళ్లేముందు, పొయ్యి మీద అన్నం ఉడికేలోగా పాత క్యాలెండర్ కాగితం వెనకాల రోజుకొక బొమ్మ వేయడం మొదలుపెట్టింది. మొదట్లో జిగురు తోడుపెట్టినట్టు ముద్దలు కట్టేది. పల్చగా పూయడం నేర్చుకుంది. వేసిన రంగు మీద తెల్లపూత పూసి, దాన్ని పాత బస్‌పాస్‌తో గీకి, అడుగు రంగును అక్కడక్కడ పైకి తేవడం నేర్చుకుంది. అన్నిటికంటే కష్టపడి నేర్చుకున్నది ఒక పొర ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడం. రెండుసార్లు అన్నం మాడింది. ఏడాది తిరిగేసరికి మేడం ఆమె బొమ్మ ముందు ప్రశ్నలు మానేసి, ఊరికే నిలబడి చూడటం మొదలుపెట్టింది.

అప్పుడొచ్చింది ప్రదర్శన. "బజార్ల కొన్నది వద్దు. మీ ఇంట్లదే ఏదన్నా తీసుకొచ్చి వెయ్" అంది మేడం. పుష్పలీల తిన్నగా గోడవతలి పెదనాన్న ఇంటికి వెళ్లింది.

"పెద్దబాపూ, పనికిరాని గ్రాఫ్ కాయితాలున్నయా?"

"సందూకల బొచ్చెడున్నయ్, తీస్కపో" అన్నాడాయన, మగ్గం మీంచి తల తిప్పకుండానే.

ఆ సందూక పెట్టెలో రెండు రకాల కాగితాలున్నాయి. శుభ్రంగా ఉన్నవి కొన్ని, ఆయన ఎప్పుడో గీసి నచ్చక వదిలేసినవి. గీతలతో కొట్టేసినది ఒక్కటి. గుమస్తా బుర్ర కదా, ఆఫీసులో కొట్టేసిందంటే రద్దయిపోయినట్టే. శుభ్రమైనవి పెద్దబాపుకు అక్కరకొస్తాయని వదిలిపెట్టి, ఎంతో మర్యాదగా ఆ కొట్టేసిన దాన్నే చుట్టచుట్టి తెచ్చుకుంది.

దాన్ని నేను చూడగానే గుర్తుపట్టాను, నేనింకా ఆయన దగ్గరున్నప్పుడు గీసిందే. ఒక కొంగల బారు ఎగురుతూ ఎగురుతూ నడిమధ్యలో వెనక్కి మళ్లే డిజైను అది. జీవితమంతా షావుకార్లు ఇచ్చిన డిజైన్లు నేసిన మనిషి, అరవై ఏళ్లు దాటాక తన కోసం గీసుకున్న ఒకే ఒక్క చీర. ఇన్నాళ్లకు మొదటి రంగు అయిపోయి, ఆ నూలు గోడవతల ఆరుతోంది.

నా తప్పు ఇక్కడుంది. నా మర కాస్త వదులు, రబ్బరు కోసేటప్పుడు సగం సార్లు పట్టేసేదాన్ని. ఆ రోజు పట్టేసి మొరాయించొచ్చు కదా? లేదు. ఇరవై రెండేళ్లు రబ్బరు నమిలిన నోటికి ఆ కాగితం వెన్నలా తగిలింది. సుఖపడ్డాను. సర్రున, అడ్డు లేకుండా, కొంగల మెడల మీదుగా నడిచాను.

ఆ బొమ్మ చాలా బాగా వచ్చింది. ముక్కలను గాలికి చెదిరినట్టు అతికించి, నడుమ చిక్కటి నీలం పూసి, పైన నూలుపోగులు కుట్టింది. పాడుగా వచ్చుంటే నాకింత బాధ ఉండేది కాదు.

నాలుగు రోజులకు భిక్షమయ్య కాగితం కోసం వెతకడం మొదలుపెట్టాడు. సందూక బోర్లించాడు, పరుపు విప్పాడు, బియ్యం డబ్బాలో కూడా చూశాడు. పుష్పలీలకు అప్పుడర్థమైంది. చెప్పడానికని రెండుసార్లు నోరు తెరిచి, ఆ బొమ్మ గుర్తొచ్చి మూసుకుంది. చెబితే బొమ్మ పోతుందని భయం. నేనెవరిని ఆమెను అనడానికి?

పెద్దాయన తన మీదే అనుమానపడ్డాడు. "మతి పోతున్నది. ఏడనో నేనే పెట్టిన" అని తల కొట్టుకున్నాడు. మంచినీళ్లు తాగాడో లేదో కూడా భార్య రుక్కమ్మను అడిగి తెలుసుకునేవాడు. ఎనిమిదో రోజు ఆమె ఆయన్ను డాక్టరుకు చూపిద్దామని ఆటో పిలిచింది. ఆయన చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే పుష్పలీల పరుగెత్తుకొచ్చి ఆ కాళ్ల దగ్గరే కూలబడింది.

"నీ మతి మంచిగనే ఉన్నది పెద్దబాపూ. నేనే కోసిన. కొట్టేసినవ్ గదా, వద్దనుకున్న."

ఆయన ముందు నవ్వాడు. నిజంగానే, గుండె మీది బరువు దిగినట్టు నవ్వాడు. "అయితె నాకేం కాలే! విన్నవానే రుక్కమ్మా?" ఆటోను పంపేశాక గానీ రెండో సగం ఆయన బుర్రకెక్కలేదు. అరుగు మీద కూర్చుండిపోయాడు.

బొమ్మను తెచ్చి ముందు పెట్టి, తడిగుడ్డతో ముక్కలు ఊడదీయబోయింది పుష్పలీల. పొరలు పల్చగా, గట్టిగా పూయడం నేర్చుకున్న చేతులు కదా, ఒక్క అంచు కూడా లేవలేదు.

"ఆగు" అన్నాడాయన. "నాది ఎట్లనూ పోయింది. గిదన్న బతకనియ్."

బొమ్మ ప్రదర్శనకు వెళ్లింది. జనం మెచ్చుకున్నారు. పుష్పలీల దాని పక్కన దొంగలా నిలబడిందట, ఫర్హీన్ మేడం ఇంటికొచ్చినప్పుడు చెబితే విన్నాను. ఆ తర్వాత ఆమె నన్ను ముట్టుకోలేదు. కాగితాలను చేత్తోనే చించుతోంది. చించిన అంచుల వల్ల బొమ్మలకు ప్రాణం వచ్చిందని, బాగా ఎదిగావని మేడం సంబరపడుతోంది. మనుషుల మెప్పులు అలాగే ఉంటాయి.

ఇప్పుడు పొద్దుటి పూట ఆమె క్యాలెండర్ బొమ్మలు వేయడం లేదు. భిక్షమయ్యే వస్తాడు. ఆ బొమ్మను గోడకు ఆనించి, ఆయన గళ్లు లెక్కపెట్టి చెబుతుంటే ఆమె కొత్త గ్రాఫ్ కాగితం మీద నింపుతుంది. పైకి కనబడే ముక్కలున్నంత మేరా పని సాఫీగా సాగుతుంది. నీలం పూసిన నడిమి భాగానికి వచ్చేసరికి ఇద్దరూ ఆగిపోతారు.

"గీడ కొంగ మర్లుతది. ఎట్ల మర్లిపిచ్చిన్నో యాదికొస్తలేదు. కోసేటప్పుడు నువ్వు సూశినవా బిడ్డా?"

పుష్పలీల మొన అరగని పెన్సిలునే మళ్లీ చెక్కుతుంది. ఆ రోజు ఆమె రంగును చూసింది గానీ గళ్లను చూడలేదు.

నేను చూశాను. ఎడమ నుంచి మూడు తెల్ల గళ్లు, ఒకటి వదిలి రెండు, కింది వరుసలో ఒకే ఒక్కటి. ఆ ఒక్క గడితోనే కొంగ మెడ తిరుగుతుంది. సరిగ్గా దాని మీదుగానే నడిచాను నేను.

ఆయన ఊహించి ఏదో గీస్తాడు, నచ్చక చెరిపేస్తాడు, మళ్లీ గీస్తాడు. సగం రంగేసిన నూలు అక్కడ చట్రం మీద అలాగే ఉంది. నేను వాళ్లిద్దరికీ జానెడు దూరంలో, బల్ల మీద, నోరు మూసుకుని ఉంటాను.