కోడలి ఇంజనుకి మామగారి సీలు

ప్లంబరు మామగారికి ఒక నమ్మకం ఉంది. కారేది ఏదైనా సరే, తన చేతిలో పడితే ఇక చుక్క రాలదు. ఆ నమ్మకం ఊరికే రాలేదు లెండి. కుళాయిలు, ట్యాంకులు, మేడ మీది పైపులు, ఒకసారి ఆసుపత్రి బాయిలరు కూడా ఆయన దెబ్బకు దారికొచ్చాయి. కాకపోతే ఆ సంగతి రోజుకొకరికైనా చెప్పకపోతే ఆయనకు తోచదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

అందుకే కోడలు వచ్చి, "మామయ్యా, నా ఇంజను కారుతోంది, కాస్త చూస్తారా?" అని అడిగేసరికి లోపల ఉబ్బితబ్బిబ్బయ్యాడు. పైకి మాత్రం పేపరు తాపీగా మడిచి, ఏ ఇంజను, ఆ బొమ్మ విమానానిదేనా అన్నాడు.

బొమ్మ అంటే ఆమెకు ఒళ్లు మంట. పళ్ల డాక్టర్లకు కట్టుడు పళ్లు చేసిచ్చే పని ఆమెది. ఆ చేతులతోనే రెక్కలూ తోకా చెక్కి, గుప్పెట్లో పట్టే ఇంజను బిగించి, రేడియోతో విమానం ఎగరేస్తుంది. ఒంటరిగా ఎగరేసే అనుమతి కోసం క్లబ్బు పరీక్షకు ఇప్పటికి రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ ఇంజను గాల్లోనే ఆగిపోయింది. ఈసారీ తప్పితే ఏడాదిదాకా పరీక్షకు రానివ్వరు. ఆ పరీక్ష కాస్తా మర్నాడే.

రోగం ఎక్కడుందో ఆమెకు తెలుసు. పొగ బయటికి పోయే డబ్బా, అదే మఫ్లర్, ఇంజనుకు అతుక్కునే చోట సందు పడింది. అందులోంచి నల్ల నూనె కక్కి రెక్కంతా జిడ్డు చేస్తోంది, ఒత్తిడి పోయి ఇంజను నీరసపడుతోంది. బోల్టులు బిగించి చూసింది, కాగితం కత్తిరించి మధ్యలో పెట్టి చూసింది. లాభం లేకపోయింది.

మామగారు డబ్బా విప్పాడు. అద్దం ముక్క మీద సన్నటి గరుకు కాగితం పరిచి, అతుకు ముఖాన్ని దాని మీద గుండ్రంగా రుద్దాడు. అంచు నుంచి అంచుకు మెరుపు ఒకేలా వచ్చేదాకా వదల్లేదు. థిన్నరుతో జిడ్డు తుడిచి, వేడికి తట్టుకునే ఎర్ర సిలికాన్ పేస్టును ఉల్లిపొరంత పల్చగా పూశాడు. బోల్టులు మాత్రం వేళ్లతోనే తిప్పి వదిలేశాడు. ఇప్పుడే గట్టిగా బిగిస్తే పేస్టంతా పిండుకుని బయటికొచ్చేస్తుంది, ఆరాక రేపు పొద్దున బిగించుకో అని కోడలికి పాఠం చెప్పాడు. ఆమె బుద్ధిగా తలూపి పనికి వెళ్లింది. అన్యాయం మాట్లాడకూడదు, అక్కడిదాకా పని అద్భుతంగా ఉంది.

అక్కడితో ఆగితే ఆయన మామగారు ఎందుకవుతాడు? డబ్బా పక్కన చిన్న ఇత్తడి ముక్కు, దానికో బెజ్జం కనిపించాయి. దానికి తగిలించే సన్న రబ్బరు గొట్టాన్ని కోడలు ముందే ఊడదీసి పెట్టింది. ఆ బెజ్జం ఎందుకని ఇంకొకరైతే అడిగేవారు. ప్లంబరు కంటికి మాత్రం అది రేపో మాపో కారబోయే చోటు. మిగిలిన పేస్టు అందులో దట్టించి, పైన ఆనవాలు లేకుండా తుడిచి, తృప్తిగా చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు కోడలు ఆయన చెప్పినట్టే బోల్టులు బిగించి, గొట్టం తగిలించి మైదానానికి బయల్దేరింది. ఆయనా వెంట వెళ్లాడు. తన సీలు నలుగురూ చూడొద్దూ మరి. పరీక్ష పెట్టే పెద్దాయనను అందరూ విజిల్ మాస్టారంటారు. పరీక్ష మొదలయ్యాక పక్కవాళ్లు ఒక్క మాట సాయం చేసినా విజిల్ ఊదేస్తాడు, పరీక్ష అక్కడితో సరి. మామగారి వాలకం చూసి ఆ మాట ఆయనకు ప్రత్యేకంగా చెప్పాడు కూడా.

ముందు నోటి ప్రశ్నలు. ఈ రబ్బరు గొట్టం ఎందుకని మాస్టారు అడిగాడు. మఫ్లర్‌లోని ఒత్తిడి ఈ ఇత్తడి ముక్కు గుండా ట్యాంకులోకి వెళ్లి ఇంధనాన్ని తోస్తుందని, ఇది మూసుకుపోతే ట్యాంకుకు ఊపిరాడక ఇంజను కాసేపటికే ఆగిపోతుందని కోడలు తడుముకోకుండా చెప్పింది.

మామగారి గుండెల్లో రాయి పడింది. చెబితే పరీక్ష పోతుంది. చెప్పకపోతే ఇంజను ఆగుతుంది.

ప్రొపెల్లరు తిప్పగానే ఇంజను అందుకుంది. అతుకు దగ్గర చుక్క లేదు. కాసేపటికి దాని గొంతు సన్నబడి ఠక్కున ఆగిపోయింది. కోడలు ఇంధనం ఎంత రావాలో సరిచేసే సూదిని కొంచెం వదులు చేసి మళ్లీ తిప్పింది. మళ్లీ అదే వరస. మాస్టారు గడియారం చూసుకున్నాడు. మామగారు, చూసేవాళ్లకు అడ్డంగా కట్టిన తాడు అవతల కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. అరిచి చెప్పేద్దామని నోరు తెరిచి, మింగేశాడు. ఇప్పుడు నమ్ముకోవాల్సింది తన చేతులను కాదు, ఆ పిల్ల చేతులను. అలా ఇంకొకరిని నమ్మి నిలబడటం ఆయనకు అలవాటు లేని పని, అయినా నిలబడ్డాడు.

కోడలు గొట్టం ఊడదీసింది. ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. ఆ చప్పుడుకు ఆమె ఆగి, ఇత్తడి ముక్కును వెలుతురుకెత్తి చూసింది. లోపల ఎర్రగా ఉంది. తల తిప్పి మామగారిని ఒక్క చూపు చూసింది. ఆయన ఆకాశంలో లేని పక్షిని వెతుకుతున్నాడు.

కట్టుడు పళ్ల మైనం చెక్కే సన్న కొక్కెం తీసింది. లోపలికి తోస్తే ఆ పేస్టు ముక్క మఫ్లర్‌లో పడి కూర్చుంటుంది. అందుకని చుట్టూ అంచు విడిపించి, కొక్కెం తగిలించి, మెల్లగా ఇవతలికి లాగింది. బిరడా మొత్తం ఒక్క ముక్కగా ఊడొచ్చింది. మామగారికి ప్రాణం లేచొచ్చింది.

ఈసారి ఇంజను గొంతు సడలలేదు. విమానం లేచింది, తిరిగింది, పల్టీ కొట్టింది, అడిగిన చోట దిగింది. మాస్టారు కాగితం మీద సంతకం పెట్టి, అతుకు చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి చూశాడు. మరక లేదు. ఇంత బాగా ఎవరు సీలు చేశారని అడిగాడు.

"మా మామయ్య" అంది కోడలు.

"మరి ఆ ముక్కు మూసిందెవరు?"

"నేనే. పొరపాటున పేస్టు పడినట్టుంది."

మామగారి పరువు చెక్కుచెదరకుండా చేతికొచ్చింది. ఊరుకుంటే సరిపోయేది.

"పరీక్ష అయిపోయినట్టేనా సార్? ఇక మాట్లాడొచ్చా?" అన్నాడు. మాస్టారు తలూపాడు.

"ఆ ముక్కు మూసింది నేను. ఏదో ఘనకార్యం అనుకుని కావాలనే మూశాను. మా కోడలి పని మీరిందాక చూశారుగా. ఆ చేతికి అంత మొరటు పని చేతకాదు."

అప్పటిదాకా కోడలు ఆ విమానాన్ని ఇంకొకరిని మోయనిచ్చింది లేదు. దాన్ని రెండు చేతులా ఎత్తి ఆయనకు అందించి, "కారుదాకా మీరు తీసుకురండి మామయ్యా" అంది.