మూడో సిలిండర్

డ్రైవింగ్ నేర్పే ఆమెకు బ్రేకులమ్మ అని పేరు పడిపోయింది. పక్క సీట్లో కూర్చుని రోజుకు నలభైసార్లు "బ్రేకు, బ్రేకు!" అని అరిచే మనిషికి ఇంకేం పేరు పెడతారు? ఆ పేరుకు ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. నొచ్చుకున్నదల్లా కారు వెనక లేచే నీలం పొగకే.

పద్దెనిమిదేళ్ల కారది. పొద్దున తాళం తిప్పగానే గుప్పున పొగ. వాలు దిగి మళ్లీ యాక్సిలేటర్ మీద కాలు వేస్తే ఇంకోసారి. వారానికోసారి డిప్‌స్టిక్ లాగి చూస్తే ఆయిలు అడుగంటి ఉండేది. నేల మీద చుక్క కారిన జాడ లేదు. అంటే తాగేదంతా ఇంజనే తాగుతోంది.

"మేడమ్, మనల్ని చూసి దోమల మందు బండి వచ్చిందని కిటికీలు మూసుకుంటున్నారు," అన్నాడు ఆమె దగ్గర నేర్చుకుంటున్న లెక్కల మాస్టారు. ఆయన నవ్వించాలనే అన్నాడు గానీ ఆమెకు తల కొట్టేసినట్టయింది.

మెకానిక్ పరాయివాడైతే ఏనాడో నిలదీసేది. సొంత తమ్ముడాయె. మూడు వారాల కిందట కారు చూసి, "వాల్వు సీళ్లు గట్టిపడిపోయాయక్కా. ఇంజన్ పైనున్న ఆయిలు వాల్వుల వెంట కిందికి జారకుండా ఆపే చిన్న రబ్బరు టోపీలవి. పదహారూ మార్చేస్తే పీడా విరగడవుతుంది," అన్నాడు. రెండు రోజులుంచుకుని మార్చానన్నాడు. పొగ సగమే తగ్గింది.

మళ్లీ తీసుకెళ్తే నెపం ఆమె మీదికే నెట్టాడు. "నీ దగ్గర నేర్చుకునేవాళ్లు క్లచ్ తొక్కిపెట్టి ఇంజన్ని అరిపిస్తారు. ఏ బండైనా ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?"

మూడోసారి వెళ్లినప్పుడు బానెట్ ఎత్తకుండానే తేల్చేశాడు. "ఇక పిస్టన్ రింగులే అక్కా. అవి అరిగినా ఆయిలు సిలిండర్లోకి ఎక్కి మండుతుంది. ఇంజన్ దించాలి. పది రోజులు పడుతుంది."

వచ్చే వారం ముగ్గురికి లైసెన్సు పరీక్ష. ఆమెకు ఒళ్లు మండిపోయింది. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. దించుదువుగానిలే. అసలు రింగులే పోయాయని ముందు నాకు చూపించు."

తమ్ముడు గొణుక్కుంటూనే నాలుగు ప్లగ్గులూ విప్పి, వరసగా గుడ్డ మీద పెట్టాడు. ఒక్కో సిలిండర్‌కీ లోపలి ఒత్తిడి కొలిచే గేజీ బిగించి ఇంజన్ తిప్పాడు. నాలుగింట్లోనూ ముల్లు ఇంచుమించు ఒకేచోట ఆగింది. తర్వాత ఒక్కోదాంట్లో చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూశాడు. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిలు సందులు మూసి ముల్లుని బాగా పైకి నెట్టాలి. ముల్లు పెద్దగా కదలనే లేదు.

"రింగులు రాయిలా ఉన్నాయి కదరా!" అంటూ ఆమె గుడ్డ వైపు చూసింది. మూడు ప్లగ్గులు పొడిగా, గోధుమ రంగులో ఉన్నాయి. మూడో సిలిండర్‌ది మాత్రం నల్లగా, ఆయిల్లో ముంచి తీసినట్టుంది. "ఇదొక్కటే ఎందుకు తడిసింది?"

తమ్ముడు శుభ్రంగానే ఉన్న స్పానర్ని మళ్లీ తుడవసాగాడు.

"నిన్నేరా! బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డావేం?"

"అక్కా... మూడోదాంట్లో రెండు సీళ్లు ఎక్కించేటప్పుడు చిరిగిపోయాయి. సెట్టులో సరిగ్గా పదహారే వస్తాయి. మర్నాడు నీకు క్లాసులున్నాయి కదా అని, తీసిన పాతవే మళ్లీ పెట్టేశా. రెంటితో ఏమవుతుందిలే అనుకున్నా."

"మరి ఈ రింగుల గోలేంటి?"

"రింగులకైతే వాల్వులుండే పైభాగం, అదే హెడ్, ఎలాగూ దించుతా. అప్పుడు ఆ రెండు సీళ్లూ మార్చేస్తే నీకు తెలీకుండా పోతుందని..."

కోపంతో ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "చిరిగినందుకు కాదురా. చేతిలో పని, ఎవరికైనా చిరుగుతుంది. ఇన్నాళ్లూ నా పాఠాన్ని తప్పు పట్టావే! పాపం ఆ మాస్టారైతే తన కాలి వల్లే కారు పాడైందని నాకు క్షమాపణ కూడా చెప్పాడు."

"నీ ముందు చెప్పడానికి నామోషీ వేసింది. చెప్పకపోయేసరికి ఒకటికి ఇంకోటి తోడైంది," అన్నాడు తమ్ముడు తల వంచుకుని.

ఆమె ఇంటికి వెళ్లలేదు. స్టూలు లాక్కుని బానెట్ పక్కనే కూర్చుంది. తమ్ముడు కొత్త సీళ్లు తెచ్చాడు. ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి, వాల్వులు లోపలికి పడిపోకుండా నిలబెట్టాడు. స్ప్రింగులు తీసి, ఒక్కో సీలుకీ ఆయిలు రాసి, వేళ్లతో మెల్లగా నొక్కి కూర్చోబెట్టాడు. ఇద్దరూ మాట్లాడుకున్నదల్లా "టార్చి ఇటు," "ఇంకాస్త కింద," అంతే.

మర్నాడు పొద్దున తాళం తిప్పి, దిగి వెనక్కి వెళ్లి చూసింది. పొగ లేదు. వాలు దిగాక అద్దంలో చూసింది. లేదు. సంతోషించాల్సిందే గానీ, పోయిన మూడు వారాలు గుర్తొచ్చి స్టీరింగ్‌ని అరచేత్తో ఒక్కటిచ్చింది.

నెల తర్వాత డిప్‌స్టిక్ మీద ఆయిలు ఓ నూలుపోగంత దిగింది. ఆ వయసు కారుకి అది మామూలే. తమ్ముడే ఫోన్ చేశాడు.

"పొగ వస్తోందా అక్కా?"

"రావట్లేదు."

"మరి నువ్వెందుకు రావట్లేదు?"

"ముందు చక్రం బేరింగు శబ్దం చేస్తోంది. గురువారం తెస్తా. ఏం మార్చినా నా కళ్లముందే మార్చాలి," అంది.

"నీ స్టూలు తుడిచి పెడతాలే," అన్నాడు తమ్ముడు.

ఆమె నవ్వలేదు. ఫోన్ మాత్రం పెట్టేయలేదు.